ఆరేదాకా

నీళ్ళు తీసిన పదకొండో రోజు
సింగ్‌నగర్‌లో మా సందు గోడల మీద
మెడ ఎత్తున ఒకటే గీత.
ఎవరో దారం కొట్టి గీసినట్టు
ఇంటింటికీ ఒకే లెవెల్లో.
ఇరవయ్యేళ్ళుగా స్విచ్‌బోర్డుల కోసం నేను గీసిన గీతలు
ఒక్కటీ అంత తిన్నగా రాలేదు.

నా పనిముట్ల సంచీ కూడా మునిగింది.
మంచం కింద ఉండేది, దానికి ఈతెక్కడ వచ్చు?
విప్పి చూస్తే
కటింగ్ ప్లేయర్ నోరు తెరవనంది.
హ్యాక్సా బ్లేడు పట్టుకోగానే పుటుక్కుమంది.
టెస్టర్ బుడ్డిలో ఒక చుక్క నీరు
అటూ ఇటూ పొర్లుతోంది.
ఇన్సులేషన్ టేపు చుట్ట ఒక్కటే
లోపలి పొరల్లో ఇంకా జిగురు దాచుకుంది.
బేసిన్‌లో కిరోసిన్ పోసి అన్నిటినీ నానేశాను.
ఆ బేసిన్‌లో ఇక జన్మలో పిండి కలపనంది మా ఆవిడ.

సైదా మేస్త్రి దగ్గర
మొదటి ఏడాదంతా వైరు తోలు ఒలవడమే నా చదువు.
రాగి మీద గాటు పడితే నెత్తిన మొట్టికాయ పడేది.
"తోలు కొయ్యరా, నరం కొయ్యకు.
టెస్టర్‌ని నమ్మకు, అందులో దీపం అబద్ధాలాడుద్ది.
ఎర్ర వైరు కదా అని ఎర్రదాన్నీ నమ్మకు,
నీకు ముందు కట్టినోడు
ఆ పూట అన్నం తిన్నాడో లేదో నీకేం తెలుసు?
తప్పక ముట్టుకోవాల్సొస్తే చెయ్యి తిరగేసి ముట్టుకో.
అరచెయ్యికి ఆశెక్కువ, పట్టుకుంటే వదల్దు."

నాంచారమ్మ గారి హాల్లో బోర్డు విప్పాను.
నాలుగు స్క్రూల్లో మూడింటికి తలలు అరిగిపోయాయి.
పెట్టె నిండా నల్ల బురద.
వేలితో గీకితే ఒక నత్తగుల్ల,
ఏ ఇంటి చీరదో ఒక చమ్కీ, ఇంకా మెరుస్తూ.
పాత టూత్‌బ్రష్షుతో తోమాను.
పైపులోకి స్ప్రింగు తోస్తే
అవతలి గదిలో గోడ భళ్ళున కక్కింది.
బుడమేరు వెళ్ళిపోయిందని పేపర్లో రాశారు గానీ
ఇక్కడింకా కాపురం ఉంది.

"వేసెయ్యి నాయనా, ఆ ఫ్యానొక్కటి తిరిగితే చాలు.
దోమలు ఎత్తుకుపోతున్నాయి."
మెగ్గర్ తగిలించి హ్యాండిల్ తిప్పాను.
ముల్లు సున్నా మీద చతికిలబడింది.
"ఆరాలమ్మా."
"ఎన్నాళ్ళు?"
గోడనడగాలి.
"పక్క సందులో కుర్రాడెవరో
లావు తీగేదో చుట్టి గంటలో వెలిగించాట్ట, మూడొందలకే."

ఫ్యూజు తీగది బక్క ప్రాణం.
అందరికన్నా ముందు తాను పోవడమే దాని కొలువు.
దానికి ఒళ్ళు చేయించామా
ఆ పోయేదేదో ఇంకొకరు పోతారు.
ఇదంతా ఆవిడకి చెప్పలేదు.
ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను.
"నా ఇంటి ఫ్యూజు నువ్వెలా పట్టుకుపోతావు?"
మెట్లు దిగేదాకా తిడుతూనే ఉంది.
న్యాయమే.

ఆ సాయంత్రానికి ఏడిళ్ళవి పోగయ్యాయి.
నడుస్తుంటే చొక్కా జేబులో పింగాణీ చప్పుడు.
ఒక్కోదానికి టేపు ముక్క అంటించి
పేర్లు రాద్దామంటే
నల్ల టేపు మీద పెన్ను కనబడదు.
మా పిల్ల సుద్దముక్కతో రాసిపెట్టింది,
నాంచారమ్మలో సున్నా మర్చిపోయి.

మూడో రోజు మళ్ళీ వెళ్ళాను.
తలుపు తీసే ఉంది.
ముక్కాలిపీట వేసుకుని
బోర్డు ఎదురుగా కూర్చుందావిడ.
చేతిలో తాటాకు విసనకర్ర.
తనకి కాదు, గోడకి విసురుతోంది.

నన్ను చూసి ఆపలేదు, పలకరించనూలేదు.
చెయ్యి తిరగేసి గోడకి ఆనించాను.
ఆవిడ విసనకర్రని
కుడి చేతిలోంచి ఎడమ చేతికి మార్చుకుంది.