గాజు నేల

తల దించుకు బతికానంటే
తప్పేదో చేశాననుకునేరు.
క్లైపెడా రేవులో ముప్ఫై ఒక్క ఏళ్ళు
క్రేను నడిపాను.
నలభై మీటర్ల ఎత్తున ఒక గది,
కాళ్ళ కింద గాజు,
గాజు కింద ఓడ.
కిందికి చూస్తేనే కూలి.

మెడ ఆ చూపు నేర్చుకుంది.
పింఛను కాగితాలొచ్చాక కూడా
మరచిపోనంది.
రొట్టె కోస్తుంటే, దిండు సర్దుకుంటుంటే
ఎముకకీ ఎముకకీ మధ్య
తుప్పు పట్టిన బందు కిర్రుమంటుంది.
వసంతం రాగానే మా పొవిలస్
"పైకి చూడు, కొంగలొచ్చాయి" అంటాడు.
నేను గడ్డి మీద వాటి నీడలు చూస్తాను.

డాక్టర్ జిద్రూనస్ మా చిన్నవాడి ఈడు.
ముందు రెండుసార్లు మత్తుసూది వేసి
"నొప్పి లేని గంటలు రాసుకో" అన్నాడు.
ఆరు, అని రాశాను.
ఆ ఆరింటిలో కిటికీలు తుడిచాను,
పై అద్దాలు కూడా.

మార్చి మొదట్లో బల్ల మీద
బోర్లా పడుకోబెట్టారు.
మొహానికి ఒక కంత.
మళ్ళీ కిందికే చూపు!
నేల, ఒక వైరు, డాక్టరు బూట్లు,
ఎడమదానికి లేసు ఊడింది.

ఎక్స్‌రే తెర చూస్తూ సూది దించుతున్నాడు:
కొంచెం ఎడమకి. ఇంకాస్త. ఆగు.
అవి నా మాటలు.
పొగమంచులో ఓడ పొట్టలోకి
పెట్టెలు దించిన మాటలు.
చూడకుండానే తెలిసింది,
మంచి చెయ్యి. గాలిని లెక్కేసుకునే చెయ్యి.

"జలదరిస్తోందా?"
"ఆ."
"నొప్పి ఉండే చోటేనా?"
"ఆ ఇంటి తలుపే."

రేడియో తరంగాలట. పాటలు రావు.
ఎనభై డిగ్రీలు, తొంభై సెకన్లు.
కబురు మోసే నరాన్ని కాలుస్తారు.
అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది,
దాని చాడీలే పైకి చేరవు.

"మళ్ళీ మొలుస్తుంది," ముందే చెప్పాడు,
"ఏడాదికో, అటూ ఇటుగానో."
నరానికీ ఇంటిదారి తెలుసన్నమాట.
సరే.
మా రేవుకి ఏ ఓడా ఉండిపోవడానికి రాలేదు.

లేస్తూ, "లేసు కట్టుకో బాబూ" అన్నాను.

రెండు వారాలు మెడ కమిలి మండింది.
అతణ్ణి తిట్టుకున్నాను, లేసుతో సహా.
మూడో వారం బట్టలారేస్తుంటే
వంటింట్లోంచి పొవిలస్ కేక, కొంగలని.

తల ఎత్తాను.

తెల్లటి పొట్ట,
వెనక్కి చాచిన ఎర్రకాళ్ళు,
సరిగ్గా నేను కూర్చున్న ఎత్తులో
ఒక్కటే,
కిందికి చూస్తూ పోతోంది.