సరస్సు ఇనుము

మూడు వారాలకోసారి మంగళవారం
ఆర్మస్ వచ్చి ఎడమ చొక్కాచెయ్యి పైకి మడుస్తాడు.
అర లీటరు తీస్తాను.
సంచి నిండేదాకా కిటికీలోంచి
పియెలినెన్ సరస్సును చూస్తుంటాడు,
అప్పిచ్చినవాడిలా.

"మా తాత ఆ మంచుకు కన్నం పొడిచి
పొడుగాటి పారతో అడుగు గీకేవాడు.
చిల్లర నాణేల్లాంటి గోధుమరంగు బిళ్ళలు పైకొచ్చేవి.
అదే ముడి ఇనుము. బండికెత్తి కొలిమికి తోలేవాడు.
ఇప్పుడు మీరు నాలోంచి తవ్వుతున్నారు."
నవ్వాడు. సూది కదిలింది.
కదలొద్దన్నాను.

ఫెర్రిటిన్ ఆరువందల నలభై.
కొలెస్టరాల్ సంగతి అడగొద్దు,
ఈ వైపు వెన్న లేని రొట్టె ముందు పెడితే
ఇంట్లోంచి పొమ్మన్నట్టే.

తమ్ముడు రేయో యాభై రెండో ఏట
స్ప్రూస్ చెట్టు సగం కోసి ఒరిగిపోయాడు.
రంపం ఆగలేదట.
పెట్రోలు అయిపోయేదాకా
మంచులో పడి గురకపెడుతూనే ఉందట.
ఆ చప్పుడు ఆగాకే
ఆర్మస్ వెతుక్కుంటూ వెళ్ళాడు.

"ఇనుము ఎక్కువైతే గుండెకు ముప్పేనా?"
డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, దాచకుండా చెప్పింది:
కొందరు ఔనంటారు, కొందరు తేల్చలేమంటారు.
కొవ్వు సంగతైతే ఎప్పుడో తేలింది, వెన్న తగ్గించు.
ఆర్మస్‌కి తేలనిదే నచ్చింది.
తేలినదాంట్లో
తమ్ముడి తప్పుంది మరి.

నాది ఎదురు జబ్బు.
పదమూడో ఏటినుంచి నెలనెలా పోగొట్టుకుని,
ముగ్గుర్ని కని,
నాలుక మీద మేకు రుచితో
మాత్రలు మింగుతూ వచ్చినదాన్ని.
అతని సంచి నా అరచేతిలో వెచ్చగా ఉంటుంది,
కోడి ఇప్పుడే పెట్టిన గుడ్డులా.
చీటీ అంటించి పసుపు డబ్బాలో వేస్తాను.
ఎవరికీ ఎక్కించరు. కాల్చేస్తారు.
ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు
చాలాసేపు పలకలేదు.
"తాత ఇనుమూ నిప్పుల్లోకే పోయింది" అన్నాడు చివరికి.

నిన్న లెక్క తొంభైకి దిగింది.
ఇక మూడు నెలలకోసారి వస్తే చాలన్నాను.
మంచి కబురే.
ముఖం చిన్నబోయింది.
మోచేతి మడతలో దూది నొక్కిపట్టి
తలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి,
కోటు జేబులోంచి కాగితపు పొట్లం తీసి
నా బల్ల మీద విప్పాడు.
నల్లటి రై రొట్టె. మధ్యలో పలచగా,
కత్తి మొన తాకి వెళ్ళినంత పలచగా, వెన్న.

"సగం మీరు తినండి," అన్నాడు,
"నా లెక్కలో సగమే రాసుకోండి."