గడియ

పుంతా అరేనాస్‌లో మేం గాలికి పేర్లు పెట్టం.
పేరు పెట్టి పిలవడానికి
అది ఎప్పుడు వెళ్ళిందని?

మేడమీద అద్దెకుండే కుర్రాడు నవుయెల్
నిచ్చెనెక్కి చూరుకింద కెమెరా బిగించి
నా ఫోన్‌లో బొమ్మ చూపించి
"ఇక మీరే సరిచేసుకోండి, దోన్యా మీర్తా" అన్నాడు.
నాకా చెప్పడం!
ముప్ఫై రెండేళ్ళు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో
ఊరివాళ్ళ పక్కటెముకలన్నీ లెక్కపెట్టినదాన్ని.
వెలుగు ఒక్క పిసరు ఎక్కువైతే
విరిగిన ఎముక కూడా అతికినట్టే కనిపిస్తుందని
కొత్తగా చేరిన పిల్లలకు నేర్పినదాన్ని.

బ్రైట్‌నెస్ యాభై నుంచి నలభై రెండుకు దించాను.
రేకుల కంచె మీద మెరుపు చచ్చింది.
కాంట్రాస్ట్ పెంచితే కట్టెలు వేటికవి విడిగా నిలబడ్డాయి,
ఇంకాస్త పెంచితే కుక్క
నూతిలో పడ్డట్టు నీడలో మాయమైంది.
షార్ప్‌నెస్ జోలికి పోలేదు,
గీత గీసినట్టు కనబడేదంతా నిజం కాదు.
రంగులు మాత్రం బాగా తగ్గించాను.
మా గేటు ఎప్పుడూ అంత పచ్చగా లేదు,
మా ఆయన ఉన్నప్పుడు కూడా.

ఒక్క టైమే కుదరలేదు.
తయారైన దేశపు గడియారమే ఇంకా లోపల తిరుగుతోంది.
మా నడిరేయి దానికి పట్టపగలు.

మూడో రాత్రి ఒక ఆకారం దొరికింది.
కెమెరా లెక్కలో మధ్యాహ్నం రెండూ పది,
నా లెక్కలో తెల్లవారుజాము మూడూ పది.
పాలలో ముంచి తీసినట్టు తెల్లటి పొడుగు కోటు.
గేటు దగ్గర వంగి, ఏదో చేసి, వెళ్ళిపోయింది.

తెల్లకోటు ఈ వీధిలో ఒక్కడికే ఉంది,
రొట్టెల బట్టీ ఒస్వాల్దోకి.
కట్టెలు మూడుసార్లు లెక్కపెట్టాను.
తగ్గలేదు.
అయినా తగ్గినట్టే అనిపించింది.
ఆ పొద్దున అతని కొట్లో
చిల్లర అతని ఎదురుగానే ఎంచుకున్నాను,
నాణెం తరవాత నాణెం,
ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎంచనిది.
అతను ఏమీ అనలేదు.
పొట్లం దారానికి మాత్రం
ముడి కాస్త గట్టిగా బిగించాడు.

ఆ రాత్రి కంబళి కప్పుకుని కూర్చుని
ఇన్‌ఫ్రారెడ్ దీపం ఆపేశాను.
ఎక్స్‌పోజర్ చివరంటా లాగాను.
వీధిదీపం పెట్టిన భిక్షే వెలుగు,
బొమ్మంతా రవ్వ చల్లినట్టు గరగర.
మూడూ పదికి మళ్ళీ అదే నడక, అదే వంగడం.
కోటు నలుపు.

అప్పుడు గుర్తొచ్చింది, దాని వెనకే సిగ్గూ వచ్చింది.
కంటికి అందని ఆ వెలుగులో
కొన్ని నల్లగుడ్డలు తెల్లగా తేలతాయి.
లోపలున్నది తెల్లగా పడే గదిలో
సగం బతుకు బతికిన నాకే
ఆ సంగతి తట్టకపోవడం!

నల్లకోటు పక్కింటి ఎదెల్‌మీరాది.
కంచె ఎవరి నేలలోకి జానెడు జరిగిందో తేలక
పదకొండేళ్ళుగా మాకు మాటల్లేవు.
చేతితొడుగు ఊడదీసి పంటితో పట్టుకుని
గాలికి టపటపా కొట్టుకునే నా గేటుకు
గడియ వేసి పోతోంది.

నాకోసమని అనుకోను.
ఆ చప్పుడుకి ఆమెకూ కన్ను మూతపడదు కదా.
కానీ పోయేముందు
పడిందో లేదో అని ఒకసారి లాగి చూసింది.
ఆ లాగి చూడటాన్ని
ఏ మీట ఎంత జరిపి చూడాలో
నాకు తెలియలేదు.

తెల్లారాక నవుయెల్ నూనెడబ్బాతో వచ్చి
"ఆ గడియ బాగుచేసేదా?" అన్నాడు.
ముందు కెమెరాలో గడియ బాగుచెయ్యి, అన్నాను.
గేటుది అలాగే ఉండనీ.

ఒస్వాల్దో కొట్టు తొమ్మిదింటికి తీస్తాడు.
ఏమని మొదలుపెట్టాలో
దారిలో, గాలితో పెనుగులాడుతూ ఆలోచిస్తాను.