ఆకుని చుట్టిన సున్నం

శృంగవరపుకోట దాటాక తారురోడ్డు అలిసిపోయి
మట్టిబాటైన చోట
ఒక రేకుల పాక, ఒక గోలీసోడా బండి.
టిక్కెట్టు పది రూపాయలు.
బోర్డు మీద గుహ పేరు సగం చెరిగింది.
ఊరోళ్లకి అది బట్టీబొరియ.

“లోనకి పదిహేడు అడుగులే బావూ,
ఇంతేనా అని తర్వాత నన్ననొద్దు.”
ముందే చెప్పేసింది సోంబారి,
చేతిలో టార్చి, కొప్పులో ఆరిపోయిన చుట్ట.

నేను గుహ కోసం రాలేదు.
మా తాత గవరయ్య గునపం
తప్పిపోయిన చోటు వెతుక్కుంటూ వచ్చాను.

ఈ రాయిని ఆయన కాల్చేవాడు.
గెడ్డ ఒడ్డున బట్టీ,
ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు, మూడు రాత్రుల మంట.
ఒళ్లంతా చిల్లులున్న రాయి,
గంపెడెత్తినా బెండులా తేలిక.
సున్నం మాత్రం పాలమీగడ.
ఒక పొద్దుట గునపం దిగబడి, చేయి జారి,
ఒక్క క్షణం ఆగి
ఎక్కడో లోపల ఠంగుమంది.
కొండ బోలని అప్పుడు తెలిసింది.
ఆ రాత్రే బట్టీ ఆర్పేశాడట.

“ఇది ఎలా పుట్టింది?” అన్నాను, కొంత తెలిసే.

“పైన కొండలో పాలరాయుంది.
వాన ఆకుల కుళ్లులోంచి దిగుతూ
మట్టి ఊపిరి మింగుతాది.
నీటికి పులుపెక్కుతాది. రాయిని నాకుతాది.
ఇక్కడ కొండ వార బయటపడగానే...
ఇందాక మీరు తాగిన సోడా,
గోలీ నొక్కితే కీచుమన్నాది గదా?
అలాగే ఊపిరి వదిలేస్తాది.
ఊపిరి పోయిన నీరు రాయిని మొయ్యలేదు బావూ,
దింపేస్తాది.
కాగు అడుగున తెల్లగా పట్టదా, అదే.”

దింపింది నాచు మీద,
వేళ్ల మీద, రాలిన అడ్డాకుల మీద.
ఒకప్పుడు గెడ్డ ఇక్కడ
మనిషిన్నర ఎత్తునుంచి దూకేదట.
అంచున నాచు గడ్డంలా వేలాడితే
గడ్డానికి సున్నం పట్టి,
సున్నం మీద మళ్లీ నాచు మొలిచి,
చూరులా ముందుకొచ్చి, తెరలా కిందికి దిగి,
కిందినుంచి లేచిన గట్టుని తాకి,
వెనకాల కాస్త చీకటిని
లోపల పెట్టి తలుపేసుకుంది.

ఎవరూ తవ్వని గది.
గోడలు కట్టగా మిగిలిన గది.
నీరు పల్లమెరుగునంటారు,
ఈ నీటికి తాపీపని కూడా తెలుసు.

సోంబారి గోడకి టార్చి ఆనించింది.
అడ్డాకు.
ఆకు లేదు, ఈనె ఈనె ఉంది.
ఆకు కుళ్లిపోయేలోగా
సున్నం దాని కొలత తీసుకుంది.
“మనం ఆకులో సున్నం రాసి చుట్టుకుంటాం.
ఈ కొండేమో సున్నంలో ఆకుని చుట్టుకుంది”
అని నవ్వింది, చుట్ట సర్దుకుంటూ.

ఎన్ని ఆకుల్ని కాల్చాడో తాత.
కాల్చినప్పుడల్లా రాయి దాచుకున్న ఊపిరి
పొగలో కలిసింది.
మిగిలిన తెల్లటిది నీళ్లలో కుతకుతలాడి
గజపతినగరంలో, గంట్యాడలో, మా పాత బడిలో
గోడలెక్కాక
గాలిలోంచి అదే ఊపిరి తిరిగి పీల్చుకుని
మళ్లీ రాయైంది.
అంటే నేను ఎక్కాలు వల్లించిన ఊపిరి కూడా
ఆ గోడల్లోనే ఎక్కడో ఉంది.

“ఒక్క నిమిషం. అందరికీ ఆర్పుతాను.”
టార్చీ పోయింది, బల్బూ పోయింది.
టప్.
చాలాసేపు ఏమీ లేదు.
టప్.

అప్పుడు కనపడింది, చూరులో
గోరంత వెలుతురు.

చెయ్యి చాపి తడిమాను.
గునపం దిగిన కన్నం. అంచులు కోసుకోలేదు.
ఇన్నేళ్లలో నీరు దానికి
మిఠాయి కాగితమంత పొర వేసింది.
ఇంకా పూడ్చలేదు. దానికి తొందర లేదు.

బల్బు వెలిగింది.
చుట్టూ జానెడు మేర పచ్చటి నాచు.
“రుద్ది తీసెయ్యమంటారు ఆఫీసోళ్లు.
నెలకోసారి రుద్దుతాను, మళ్లీ వస్తాది.
దానికేటి తెలుసు,
ఎండనుకుంటాది.”

బయట సోడా బండి దగ్గర కూర్చున్నాను.
చొక్కా భుజం మీద పడ్డ చుక్క ఆరాక
కనీకనపడని తెల్ల మచ్చ.
గోకితే పోతుంది.
గోకలేదు.