వీధుల కింద ఏరు

నలభై ఏళ్ళు అద్దకం తొట్ల దగ్గర నిలబడ్డవాణ్ణి.
ఇటుకెరుపు, తుప్పెరుపు, చెర్రీ ఎరుపు...
తడిగుడ్డ చూసి, ఆరితే ఏ చాయకి దిగుతుందో చెప్పేవాణ్ణి.
ఫిబ్రవరిలో ఓ పొద్దున
తెల్లటి పింగాణీలో కనపడ్డ ఎరుపుకి
పేరు తట్టలేదు.
రాత్రి తాగిన బీట్‌రూట్ చారు అనుకున్నాను.
మూడోరోజు హలీనాకి చెప్పాను.

డాక్టర్ వొలాన్‌స్కాది మా అమ్మాయి ఈడు.
"కండలోకి దిగింది, బొగుమిల్ గారూ."
దిగడమంటే నాకు తెలుసు.
పైపైన అంటిన రంగు ఉతికితే పోతుంది,
దారం లోపలికి దిగింది పోదు.
ఆ మాటే పైకి అన్నాను.
ఆమె కాస్త ఆగి, "అవును, అంతే" అంది.

రిపోర్టు వెనక బాల్‌పెన్నుతో బొమ్మలు గీసింది.
ఉచ్చబుడ్డ తీసేయడం. తీశాక
పొట్ట మీద చిన్న నోరు, దానికో సంచి.
లేదా మూరెడు పేగు కోసి కుట్టి లోపలే కొత్త తిత్తి,
"నిండిన సంగతి దానికి తెలీదు,
గడియారం చూసి మీరే చెప్పాలి."
రెంటికీ ముందు మందు ఎక్కించాలి, కిడ్నీలు ఒప్పుకుంటే.
ఇంకో బొమ్మలో ఏదీ తీయలేదు.
గీకి, కిరణాలు పెట్టి, మందు కలిపి,
ఉన్నదాన్నే ఉంచుకుని
బతికినంతకాలం లోపలికి తొంగిచూస్తూ ఉండటం.

"మీ నాన్నకైతే ఏది చేయిస్తారు?" హలీనా అడిగింది.
పెన్నుకి మూత పెట్టింది, మళ్ళీ తీసింది.
"మా నాన్న చేపలు పడతాడు.
ఆయనకి గట్టు మీద ఆరుగంటలు కూర్చోవాలి.
మీ ఆయనకేం కావాలో నాకు తెలీదు."
నాకూ తెలీదని
అప్పుడే తెలిసింది.

మా ఊరు వూచ్. ఆ మాటకి పడవ అని అర్థం.
ఏరు మాత్రం కనపడదు.
మిల్లులవాళ్ళు గొట్టాల్లోకి మళ్ళించి పైన వీధులు పరిచారు.
దారి మార్చినా నీళ్ళు పోతూనే ఉన్నాయిగా
అని ట్రామ్‌లో సర్దిచెప్పుకున్నాను.
ఇంటి మెట్లెక్కేసరికి ఆ మాట వెలిసిపోయింది.

నాలుగో అంతస్తు గెరార్డ్
వంటింట్లో చొక్కా ఎత్తి చూపించాడు.
గుండీ అంత, తడిగా, ఎర్రగా.
"నొప్పుండదు. మొదట్లో ఓసారి బస్సులో ఊడింది, ఏడ్చాను.
ఇప్పుడు ఈతకి పోతున్నా."
అంటూనే టీలో చక్కెర ఎన్ని చెంచాలని అడిగాడు.
ఆ ఎరుపు మాత్రం గుర్తుపట్టాను.
చెర్రీ. రెండో ముంపు.

శుక్రవారంలోగా చెప్పాలి.
బుధవారం రాత్రి రెండింటికి అలారం పెట్టుకున్నాను,
కొత్త తిత్తికి కాపలా కాయగలనో లేదోనని.
మోగకముందే మెలకువ వచ్చింది.
పక్కన హలీనా, చీకట్లో కళ్ళు తెరిచే ఉంది.
"ఇది ఎన్నో బొమ్మ?"
"ఐదింటికి మళ్ళీ లేవాలి," అన్నాను.
మంచుగడ్డల్లాంటి పాదాలు తెచ్చి
నా పిక్కల మీద పెట్టింది.