పన్ను కట్టడం

శుక్రవారం పొద్దున్న వియన్నా రైలు దిగుతారు
దవడ పట్టుకుని కొందరు, పర్సు పట్టుకుని అందరూ.
అక్కడ పన్ను కట్టి కట్టి అలిసిపోయి
మా షోప్రోన్‌కి వస్తారు, పన్ను కట్టించుకోడానికి.
సగం ధరకే కదా, మధ్యాహ్నానికి భోజనం కూడా కలిసొస్తుంది.

వాళ్ళ మొహాలు నేను చూడను.
మేడమీద కిటికీ పక్క గదిలో
నాకొచ్చేవి అచ్చులే, గులాబిరంగు అచ్చులు.
హల్లులు వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి.
నాలుగు వెంట్రుకల బ్రష్షుతో
పింగాణీ మీద కాఫీ నీడ, పొగాకు మరక వేస్తాను.
మరీ తెల్లగా ఉంటే
అబద్ధమని నోరు తెరవకముందే తెలిసిపోతుంది.

ఎటెల్క మా మెట్లు తుడుస్తుంది, పంతొమ్మిదేళ్ళుగా.
నవ్వొస్తే ముందు అరచెయ్యి వస్తుంది,
దాని వెనకాల నవ్వు.
ముందు వరసలో ఎడమ పన్ను లేదు,
మా లెక్కలో ఇరవై ఒకటో నంబరు.
తివాచీల మిల్లులో మగ్గం తగిలిందంటుంది ఒకసారి.
మొగుడి మోచెయ్యంటుంది ఇంకోసారి, గుడ్డ పిండుతూ.
నేను రెండూ నమ్మాను.

పళ్ళు చేసే ఇంట్లో పన్ను లేని మనిషి తిరుగుతోందని
పెద్ద డాక్టరుకి ఎన్నడూ తోచలేదు.
నాకూ తోచలేదు, చెప్పుకోవాలి కదా.
ఏప్రిల్లో ఆమే అడిగింది,
ధరల కాగితం మడతలు విప్పి:
"పనివాళ్ళకి ఎంత తగ్గిస్తారు?"

ఎక్స్‌రేలో చూస్తే ఆ చోట ఎముక
ఎవరూ నడవని గట్టులా సన్నబడిపోయింది.
ఆవు ఎముక పొడి పోసి కుట్టేశారు.
"చిన్నప్పుడు ఎన్ని ఆవుల్ని పితికానో,
ఒకటి లెక్క చూసుకోడానికి వచ్చింది" అంది,
చెయ్యి అడ్డం పెట్టుకుని.
ఆగస్టులో టైటానియం మర బిగించారు.
చిటికెనవేలి గోరంత లోహం.
ఎముక దాన్ని పరాయిదని గెంటెయ్యదు.
ఒక్కొక్క కణమే వచ్చి పక్కన సర్దుకుంటుంది,
డిసెంబరు దాకా, ఎవరికీ చప్పుడు వినపడకుండా.

అప్పుడు నా వంతు.
ఆ పన్ను ఎలా ఉండేదో, పాత ఫొటో తెమ్మన్నాను.
చెప్పుల పెట్టె నిండా తెచ్చింది.
పెళ్ళిలో ఫొటోగ్రాఫరు నవ్వొద్దన్నాడట.
ఆ తర్వాత అన్నిట్లోనూ పెదాలు బిగించే ఉన్నాయి,
కూతురి జ్ఞానస్నానంలో కూడా.
అడుగున ఒక్కటి దొరికింది:
ఫెర్టో సరస్సు ఒడ్డున మిల్లు అమ్మాయిలు,
మధ్యలో పదిహేడేళ్ళ ఎటెల్క నోరారా నవ్వుతూ.
సరిగ్గా ఆ పన్ను మీదే మడత పడి
కాగితం లేచిపోయింది.

"కొంచెం పక్కకి తిరిగుండేది."
"ఎటు?"
ఖాళీలో నాలుకతో వెతుక్కుంది.
"పక్కదాని మీదికి. చెవిలో ఏదో చెబుతున్నట్టు."

ఐదు చేశాను, నాలుగు పారేశాను.
ఐదోదాని వంకర చూసి పెద్ద డాక్టరు తప్పు పట్టాడు.
ఆమె ఏమీ అనలేదు.
చేతి అద్దం మాత్రం సాయంత్రం దాకా తిరిగివ్వలేదు.

మూడోరోజు మేడెక్కి వచ్చింది, కొరికిన ఆపిల్‌తో.
"దీనికి చలి తెలియడం లేదు, ఝోంబోర్.
పక్కవాటికి తెలుస్తోంది."
తెలియదు, మరకి నరం ఉండదన్నాను. నొప్పీ ఉండదన్నాను.
"అయితే చుట్టం. కదలని చుట్టం" అంటూ
ఆపిల్ నా బల్ల మీద పెట్టింది.
తెల్లటి గుజ్జులో పంటిగాటు,
ఒక గీత పక్కదాని మీదికి వాలి ఉంది.

కింద ఎవరో జర్మన్‌లో ఏదో అని పగలబడ్డారు.
ఆమెకీ నవ్వొచ్చింది.
చెయ్యి లేచింది, పెదాల దాకా వెళ్ళింది,
అక్కడ పనేమీ కనపడక
కాసేపు నిలబడి
ముక్కు గోక్కుని దిగిపోయింది.

ఇంకా పదకొండు వాయిదాలున్నాయి.
ఒకటో తారీకున, మెట్లు ఆరేలోపు,
కౌంటరు దగ్గర వరసలో నిలబడి
ఎటెల్క పన్ను కడుతుంది.