ఎడమ పక్క

శనివారం పదింటికి
కుతైసి గ్రంథాలయం మెట్లెక్కుతాం, నేనూ ఎలిసో,
ప్లాస్టర్ మెదడుని చంకలో పెట్టుకుని.
జీతం లేదు. బస్సు ఛార్జీలు మావే.
రంగులు ఎలిసో వాళ్ళ మామయ్య కొట్లో
మూత సరిగ్గా పడక అమ్ముడుపోనివి.
అందుకే ఈ ఏడు మా న్యూరాన్లన్నీ
గేటు పచ్చ, గోడ పసుపు.

పిల్లలకి ఉన్ని దారం ఇస్తాం.
ముడి వేసిన చోట కణం, పొడుగ్గా తోక, కొసన వేళ్ళు.
"ఒకదాన్నొకటి తాకవు" అంటాను.
"మధ్యన సందుంటుంది,
వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు.
కబురు ఆ సందు దాటాలి."
"పడవ మీదా?" అన్నాడొకడు.
కాదనడానికి నోరు రాక
పడవ మీదే అన్నాను.
వాడు పడవ గీశాడు. పడవవాడికి మీసం కూడా పెట్టాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు,
రియోని నది తెల్లరాళ్ళ మీద పడి అరుస్తుంటే
ఒతియా వచ్చాడు.
లారీల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు
డ్రాయింగు బల్ల మీద వంగిన నడుం.
ఎడమ భుజం తలుపుకి గుద్దుకుంది,
తలుపునే తిట్టాడు.
కుడి చెంప నున్నగా గీసి ఉంది,
ఎడమ చెంపన వారం నాటి తెల్ల గరిక.
కూతురు లామ్జిరా వెనకే వచ్చి గొంతు తగ్గించి చెప్పింది:
"కంచంలో సగం అలాగే ఉంటుంది.
కడుపునిండా పెట్టవేమని నామీదే కేకలు."

పిల్లలకి చెప్పాలి కదా, చెప్పాను.
కళ్ళు మంచివే.
మెదడుకి కుడివైపు దెబ్బ తగిలితే
ఎడమ పక్కన లోకం ఉందన్న ధ్యాసే పోతుంది.
"అంటే అటు చీకటా?"
చీకటి కాదు.
నీ వీపు వెనక నీకేం కనిపిస్తోంది? నలుపా?
పిల్లలు గిరుక్కున వెనక్కి తిరిగారు.
ఇంత బాగా చెప్పానని
లోపల చిన్న గర్వం. దాచుకోను.

ఈలోగా ఒతియా లారీ గీస్తున్నాడు.
ఎదురుగా వచ్చే లారీ.
స్కేలు లేదు, గీత వణకలేదు.
ఒక దీపం, ఒక చక్రం, ముక్కులో సగం జాలీ,
అద్దంలో ఒక తుడుపు పుల్ల.
నిలువుగా కోసినట్టు అక్కడ ఆగి
మూలన సంతకం పెట్టి
"అయిపోయింది" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.
నాకు ఆ జబ్బు పేరు తెలుసు,
పరీక్షలో దానిమీద పూర్తి మార్కులు వచ్చాయి,
చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి.
నుత్సా లేచింది. ఏడేళ్ళది.
కాగితం వృథా చేస్తే వాళ్ళమ్మ ఊరుకోదు.
"ఇక్కడంతా ఖాళీయే తాతా" అంటూ
కాగితాన్ని తలకిందులుగా తిప్పి
ఆయన ముందు పెట్టింది.

ఒతియా చూశాడు. చాలాసేపు చూశాడు.
ఎవరో తన బల్ల సొరుగులోంచి దాచేసిన కాగితం
ఇన్నాళ్ళకి తెచ్చిచ్చినట్టు
విసుగ్గా, కొంచెం ఆశగా.
పెన్సిల్ అందుకుని
మళ్ళీ అదే సగం గీశాడు:
దీపం, చక్రం, తుడుపు పుల్ల.
మళ్ళీ సంతకం.

ఇప్పుడా లారీకి
ఒక చక్రం నేల మీద, ఒకటి ఆకాశంలో,
పేకముక్కలో రాజుకి మల్లే.
రెండు సగాలూ కలవలేదు.
నడుమ వేలెడు తెల్ల సందు.
మీసాల పడవవాడి బాబు ముందుకొచ్చి
"అక్కడ నేను పడవ పెడతా" అన్నాడు.
"నా డ్రాయింగు మీద చెయ్యి పడిందో!"
ఫ్యాక్టరీ గొంతుతో గద్దించాడు ఒతియా.
లామ్జిరా నవ్వింది, ముక్కు తుడుచుకుంది,
తండ్రి కోటు గుండీలు పెట్టింది,
ఎడమ చేతికి జోడు మరిచిపోకుండా తొడిగింది.

బొమ్మని గోడకి వేలాడదీశాం.
ఏది పైభాగమో తేలలేదు,
రెండువైపులా సంతకం ఉంది మరి.
ప్రతి శనివారం మేం వచ్చేసరికి
ఎవరో దాన్ని తిప్పి పెట్టి ఉంటారు.
ఎవరని మేం అడగం.